మరువపేట ఇంటి పెద్దలు

మా ప్రెసిడెంటు గణపతిరావుగారికి ఒక అలవాటుంది. ఎవరికైనా కష్టమైన పని అప్పగించాలంటే ముందు కాఫీ తెప్పిస్తారు. ఆ రోజు పంచాయతీ ఆఫీసులో నా ముందుకి కాఫీ గ్లాసు రాగానే, ఏదో నా నెత్తిన పడబోతోందని తెలిసిపోయింది.

అది అరవై తొమ్మిది, చలి మొదలైన రోజులు. డెబ్భై ఒకటిలో దేశమంతా జనాభా లెక్కలు తీయబోతున్నారు. దానికి ముందు ఏ ఊళ్లో ఎన్ని ఇళ్లున్నాయో, ఏ పేట ఏ ఊరి కిందకి వస్తుందో సరిచూసి పంపమని తాలూకా ఆఫీసు నుంచి పంచాయతీలకి ఉత్తర్వు వచ్చింది. ప్రతి ఇంటికీ నంబరు వెయ్యాలి, ఇంటి పెద్ద పేరు రాయాలి. నడిమిపూడిలో రైతుల ఇళ్లన్నీ పంచాయతీ గుమాస్తా చూసుకుంటాడు. ఉప్పుటేరు దాటి, భావనపాడుకి ఇవతల ఇసకలో ఉన్న మరువపేట మాత్రం నాకు. అక్కడి బెస్తపిల్లలకి చదువు చెప్పేది నేనే కనుక.

నా పేరు జ్ఞానసుందరి. మిషను బోర్డింగులో చదువుకుని టీచరునయ్యాను. పంచాయతీ సమితి వాళ్లు నన్ను మరువపేటకి వేసినప్పుడు అక్కడున్న బడి ఒక తాటాకు పాక. గాలి వీస్తే పలకల నిండా ఇసక. అయినా పిల్లలొచ్చేవారు.

కాఫీ అయ్యాక గణపతిరావుగారు అసలు సంగతి చెప్పారు. సమితి వాళ్లు ఈ పంచాయతీలో ఒకే ఒక పెంకుటి బడి కట్టిస్తారు. మరువపేటలో కాపురమున్న ఇళ్లు వంద తేలితే దాన్ని విడి గ్రామంగా పట్టికలో ఎక్కించి, బడి అక్కడే కడతారు. తేలకపోతే పేట నడిమిపూడిలో కలిసిపోతుంది. బడీ నడిమిపూడిలోనే లేస్తుంది, నా పాక మూతపడుతుంది. ఇంటి పెద్ద పేరు పడని ఇల్లు ఖాళీ ఇల్లు కిందే లెక్క.

"మగాళ్లు సగం మంది చేపల వేటకి పూరీ పోయి ఉంటారు గదమ్మా. వంద ఎక్కడ తేల్తాయి?" అని నవ్వారు. ఆయన మనసు నడిమిపూడి బడి మీదే ఉందని ఆ నవ్వు చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. నాకు ఒళ్లు మండింది. తేలుస్తానండీ అని చెప్పి లేచాను.

తేల్చక తప్పదు మరి. ఉప్పుటేరు వానాకాలమంతా నిండుగా ఉంటుంది. నడుములోతు ఉప్పునీళ్లలో పుస్తకాలు నెత్తిన పెట్టుకుని ఏ పిల్ల దాటుతుంది? బడి ఏరు దాటిందంటే మరువపేటకి చదువు లేనట్టే. నాలుగేళ్లు వాళ్ల చేతులు పట్టి దిద్దించినదాన్ని, ఎలా ఊరుకుంటాను?

పంచాయతీ వాళ్లు ఒక డబ్బా ఎర్రరంగు, ఒక కుంచె, వాటిని మొయ్యడానికి నౌకరు ఎర్రన్ననీ ఇచ్చారు. పేటలో అడుగుపెట్టగానే మొదటి చిక్కు. నంబరు ఎక్కడ వెయ్యాలి? అక్కడి ఇళ్లకి కప్పు దాదాపు నేల దాకా దిగి ఉంటుంది. తుపాను గాలికి ఎగిరిపోకుండా అలాగే కట్టుకుంటారు. గోడ కనపడదు, తలుపు తాటాకు తడిక. ఎర్రన్న డబ్బా కింద పెట్టి తల గోక్కున్నాడు. చివరికి గుమ్మం పక్కనున్న రోలు చూపించాను. రోలు లేని ఇల్లు లేదు, దాన్ని ఎవరూ మోసుకుపోరు. అలా మరువపేటలో నంబర్లన్నీ రోళ్లెక్కాయి.

రెండో చిక్కు తవిటమ్మ ఇంటి దగ్గర వచ్చింది. తవిటమ్మ కూతురు చిన్నతల్లి నా బడిలో అందరికంటే చురుకైన పిల్ల. అందుకని ఆ ఇల్లు సులువుగా అయిపోతుందనుకున్నాను. ఇంటి పెద్ద పేరు చెప్పమంటే తవిటమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. మొగుడి పేరు పెళ్లాం పలకదు, అది నాకూ తెలుసు. ఆమె అత్త దేముడమ్మ వైపు తిరిగాను. కొడుకు పేరు తల్లి చెప్పవచ్చు కదా.

దేముడమ్మ నవ్వలేదు. ఎండుచేపలు తిరగేస్తున్నదల్లా చేతులు దులుపుకుంది.

"మావోడు నీల్ల మీదున్నాడు పంతులమ్మా. నీల్ల మీదున్నోడి పేరు ఒడ్డున ఎత్తకూడదు. గంగమ్మ ఇంటాది."

అదీ సంగతి. పేటలో మగవాళ్లు వేటకి పూరీ వైపు వెళ్లి తిరిగి వచ్చేదాకా వాళ్ల పేర్లు ఎవరూ పైకి అనరు. ఆడు, మావోడు, పిల్ల తండ్రి, అంతే. వెళ్లినవాడు క్షేమంగా ఇంటికి రావాలని పెట్టుకున్న కట్టుబాటు. నాలుగేళ్లుగా అక్కడ తిరుగుతూ కూడా నాకిది పట్టలేదు, ఎందుకంటే చలికాలంలో ఆ పేర్లతో నాకు ఎప్పుడూ పని పడలేదు.

పిల్లల తండ్రుల పేర్లు బడి రికార్డులో ఉన్నాయి, నేనే రాసేస్తానన్నాను. దేముడమ్మ నా చెయ్యి పట్టుకుంది. గట్టిగా కాదు, బతిమాలుతున్నట్టు. పైగా రాసినా లాభం లేదు. తాలూకా ఆఫీసు నుంచి సరిచూసే ఆయన వచ్చి, ప్రతి గుమ్మం ముందూ ఆ పేరు పైకి చదివి, ఇంటివాళ్ల చేత అవుననిపించి వేలిముద్ర తీసుకుంటాడు. ఎవరూ అవుననరు.

పక్క ఇంట్లో అదే మాట, ఆ పక్క ఇంట్లో అదే. ముసలివాళ్లో జబ్బు మనుషులో మిగిలిన ఇళ్లు తప్ప పేర్లు పడలేదు. మధ్యాహ్నానికి ఎర్రన్న మెల్లగా, ఖాళీ అని రాసేసి పోదాం అన్నాడు. నిండా మనుషులున్న ఇంటిని, పొయ్యి మీద కూడుడుకుతున్న ఇంటిని ఖాళీ అని ఎలా రాస్తావురా అని వాడి మీద విరుచుకుపడ్డాను. తరవాత ఆడవాళ్ల మీద కూడా. బడి పోతుంది, మీ పిల్లలు మీలాగే వేలిముద్రలు వేసుకుంటూ బతుకుతారు, ఒక్క పేరు చెబితే ఏమవుతుందని అరిచాను. ఎవరూ నా మీద కోపగించలేదు. తవిటమ్మ కళ్లు తుడుచుకుంది. ఆమెకి బడీ కావాలి, మొగుడూ కావాలి. అందులో ఏది వదులుకోమని నేను అడగగలను?

మర్నాడు పొద్దున్న మళ్లీ వెళ్లాను, ఏం చేస్తానో తెలియకుండానే. తవిటమ్మ ఇంటి ముందు ఒక బండి ఆగి ఉంది. కప్పులకి తాటాకు అమ్ముకునేవాడు, శ్రీకూర్మం వైపు మనిషి. ఆకు కావాలా వద్దా, ఎంత కావాలి అని బేరం పడింది. వాడు విసుక్కుని, ఆడోళ్లతో బేరమేటి, ఇంట్లో పెద్దోళ్లుంటే పిలు అన్నాడు.

తవిటమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఈ ఇంటికి పెద్ద నానే. సెప్పేదేదో నాతో సెప్పు."

వాడు నోరు మూసుకుని ఆకు దింపాడు. నేను మాత్రం అక్కడే నిలబడిపోయాను. సంచీలోంచి తాలూకా ఆఫీసు వాళ్లిచ్చిన సూచనల కాగితం తీసి చదివాను. ఇంటి పెద్ద అంటే ఆ ఇంట్లోవాళ్లు ఎవరిని పెద్దగా ఒప్పుకుంటే వారు. అంతే ఉంది. మగవాడై ఉండాలని ఎక్కడా లేదు. ఎన్నిసార్లు చదివి ఉంటాను ఆ ముక్కని! మగవాడనే అనుకుంటూ చదివాను.

ఆడవాళ్లందరినీ తవిటమ్మ వాకిట్లో కూర్చోబెట్టి ఆ వాక్యం పైకి చదివాను. మీ మగవాళ్ల పేర్లు నాకక్కర్లేదు, ఈ రోజున ఈ ఇల్లు ఎవరి మాట మీద నడుస్తోందో వాళ్ల పేరు చెప్పండి అన్నాను. పేరు చెప్పుకోవడం సంగతి అటుంచి, అత్త ఎదురుగా కోడలు నేనే పెద్దనని ఎలా అంటుంది? తవిటమ్మ తలొంచుకుంది. తాటాకు బండివాడి ముందు చెప్పిన మాట అత్త ముందు నోటికి రాలేదు.

దేముడమ్మ లేచింది. నాకు నిజంగా భయమేసింది, అంతా అయిపోయిందనుకున్నాను.

"కూడొండేది అదీ, సేపలమ్మేది అదీ. నాకు జొరమొస్తే డాక్టరు దగ్గిరికి మోసుకెల్లింది అదీ. మావోడొచ్చేదాకా ఈ ఇల్లు దానిదే. రాయమ్మా, తవిటమ్మ."

కోడలు ఏడ్చేసింది. నాకూ కళ్లనీళ్లు తిరిగాయి, దాచుకోలేదు.

ఆ తరవాత ఆగితే ఒట్టు. ఒకరి తరవాత ఒకరు వచ్చి పేర్లు చెప్పారు. కొన్ని ఇళ్లలో అత్తలు పెద్దలు, కొన్ని ఇళ్లలో కోడళ్లు. ఒక ముసలామెకి తన పేరు చప్పున గుర్తు రాలేదు. ఏళ్ల తరబడి ఆమెని అందరూ ఫలానావాడి తల్లి అనే పిలిచారు. కాసేపు ఆలోచించి, జగ్గమ్మ అని చెప్పి, తన పేరు తనకే కొత్తగా వినపడి పకపకా నవ్వింది. మేమందరం కూడా నవ్వాం.

సరిచూసే రోజు జగన్నాధంగారు వచ్చారు. తాలూకా ఆఫీసు గుమాస్తా, సన్నటి మనిషి. ఎండలో ఇసకలో నడవవలసి వచ్చినందుకు అందరి మీదా చిరాకుగా ఉన్నారు. గణపతిరావుగారు గొడుగు పట్టుకుని ఆయన పక్కనే. నా చేతిలో పుస్తకం తీసుకుని నాలుగు పేజీలు తిప్పి, ప్రెసిడెంటుగారు నవ్వు మొదలుపెట్టారు. మొగుళ్లు బతికుండగా పెళ్లాలు పెద్దలా, ఇవన్నీ కొట్టెయ్యండి జగన్నాధంగారూ అన్నారు.

నేను సూచనల కాగితం చాపాను. జగన్నాధంగారు దాన్ని నా చేతిలోంచి తీసుకోలేదు. తన సంచీలోంచి తన కాగితం తీసి చదువుకున్నారు. ఒకరు చూపిస్తే చదివే రకం కాదాయన. చదివి మడిచి పెట్టుకుని, మొదటి రోలు దగ్గరికి నడిచారు. దాని పక్కన తవిటమ్మ నిలబడి ఉంది. కొత్త కోక కట్టుకుంది ఆ రోజు.

"ఇంటి పెద్ద ఎవరు?"

"తవిటమ్మండి. నానే."

"మీ ఆయన ఉన్నాడు కదా. ఆయన వస్తే పెద్ద ఆయన కాడా?"

"ఆడొచ్చినపుడు అడగండి బాబూ. ఇపుడడిగితే ఇపుటి మాట సెప్తన్నాను."

జగన్నాధంగారు ఆమెని ఒక క్షణం చూశారు. వెనక గుమ్మంలో నిలబడ్డ దేముడమ్మని చూశారు. ఆమె అవునన్నట్టు తలూపింది. ఆయన సిరా పెట్టె తెరిచారు. ఒప్పుకుంటే రాయాలి, ఒప్పుకోకపోతే రాయకూడదు, మన సొంత అభిప్రాయంతో పనిలేదండీ అని ప్రెసిడెంటుగారికి చెప్పి, తవిటమ్మ వేలు పట్టి ముద్ర వేయించారు.

చిన్నతల్లి పరుగున వచ్చి, మా అమ్మకి సంతకం నేర్పాను, ముద్ర ఎందుకంది. తవిటమ్మ సిగ్గుపడుతూనే కలం అడిగింది. ముద్ర పక్కన వంకరటింకరగా తన పేరు రాసుకుంది. జగన్నాధంగారు ఆ నాలుగక్షరాలు అయ్యేదాకా ఎండలో నిలబడే ఉన్నారు, చిరాకు పడకుండా.

ఆ రోజు పేటలో దాదాపు ప్రతి రోలు పక్కనా ఒక ఆడమనిషి నిలబడి తన పేరు తాను చెప్పింది. మొదట గొంతులు సన్నగా వచ్చాయి. పోను పోను గట్టిపడ్డాయి. చివరి వీధికి వచ్చేసరికి ఆయన ఇంకా అడగకుండానే అవతలి రోలు దగ్గర నుంచి పేరు వినపడుతోంది. లెక్క తేలింది. కాపురమున్న ఇళ్లు నూటపదకొండు. గణపతిరావుగారు గొడుగు ముడిచి, పంచాయతీ ముద్ర వేసి, సంతకం పెట్టారు. నిజం చెప్పాలి, గట్టిగానే ఒత్తి వేశారు ముద్ర. వెళ్లేటప్పుడు, కాఫీ నేను బాకీ పడ్డానమ్మా అన్నారు.

మరువపేట విడి గ్రామంగా పట్టికెక్కింది. మరుసటేడు వానలు పడేలోగా బడికి పెంకు పడింది. గాలి వీస్తే ఇప్పుడు తలుపు వేసుకుంటాం.

డెబ్భై ఒకటి మార్చిలో అసలు జనాభా లెక్కలొచ్చాయి. మరువపేటకి మళ్లీ నన్నే వేశారు. అప్పటికి మగవాళ్లు పూరీ నుంచి తిరిగొచ్చి ఇళ్లలోనే ఉన్నారు. తవిటమ్మ ఇంటికి వెళితే ఆమె మొగుడు వాకిట్లో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ఇంటి పెద్ద ఎవరని అడిగాను. తన పేరే చెబుతాడు, ఈసారి ఒడ్డునే ఉన్నాడు కదా అనుకుంటూ, కలం సిద్ధం చేసుకున్నాను.

అతను రోలు వంక చూశాడు. ఎర్రరంగు వెలిసిపోయి నంబరు సగమే కనపడుతోంది. లోపలికి తిరిగి, పెళ్లయినప్పటి నుంచి ఒసే అన్న మాటతోనే పిలిచిన మనిషిని, మొదటిసారి పేరు పెట్టి పిలిచాడు.

"తవిటమ్మా, నీ కోసమే వొచ్చినారు."

ఆమె తడి చేతులతో బయటికి వచ్చింది. ఏమిటన్నట్టు అతన్ని చూసింది, నన్ను చూసింది.

"ముందు దాని పేరు రాయండి పంతులమ్మగోరూ. దాని కింద నన్నేసుకోండి," అన్నాడు.

రాశాను. ఆ కింద అతని పేరు రాశాను. ఇప్పటిదాకా ఆ పేరు నేను మీకు చెప్పలేదు, మనిషి నీళ్ల మీద ఉన్నాడు కనుక. ఇప్పుడు ఒడ్డున ఉన్నాడు. జోగయ్య.