ఉస్తాదు బల్బు

కారు ఇంజను ఆపి, నాలుగు తలుపులూ డిక్కీ మూసి, నూర్ మహమ్మద్ బ్యాటరీ మైనస్ వైరు ఊడదీశాడు. ఊడిన వైరుకీ బ్యాటరీ మొనకీ నడుమ తన టెస్ట్ బల్బు తగిలించాడు. అదేమంత గొప్ప వస్తువు కాదు. పార్కింగ్ లైటులో వాడే చిన్న బల్బు, రెండు వైర్లు, వాటి కొసల్లో రెండు క్లిప్పులు. బండిలో అన్నీ ఆపేసి ఉన్నప్పుడు ఆ బల్బు వెలగకూడదు. వెలిగితే కరెంటు ఎక్కడో చాటుగా కారిపోతున్నట్టే.

తొమ్మిది గంటల ఎండ షెడ్డు రేకుల సందులోంచి సూటిగా ఇంజను మీద పడుతోంది. బల్బు వెలగనట్టే ఉంది. అతను వంగి, అగ్గిపుల్లను గాలి నుంచి కాపాడే మనిషిలా, రెండు అరచేతులూ దాని చుట్టూ దొప్పగా పట్టి చూశాడు. లోపలి తీగ, ఆరబోయే బీడీ కొసలా, ఎర్రగా ఉంది.

"దొరికావు," అన్నాడు.

ఆ మాట కారుతో అన్నది కాదు. పాతిక కిలోమీటర్ల అవతల జగ్గయ్యపేటలో షెడ్డు నడుపుతున్న జయరాజ్‌తో అన్నది.

నూర్‌కి యాభై తొమ్మిదేళ్లు. చొక్కా బొత్తాల పక్కన యాసిడ్ చిల్లులు. కుడి ఉంగరపు వేలు చుట్టూ తెల్లటి మచ్చ. ఎప్పుడో వెండి ఉంగరం బ్యాటరీ మొనకీ స్పానరుకీ నడుమ చిక్కి, ఎర్రగా కాలి మిగిల్చిన గుర్తు. నందిగామలో, పాత హైవే పక్కన ఈ షెడ్డు పెట్టి ముప్పై ఆరేళ్లయింది. అంతకుముందు జయరాజ్, తను విజయవాడ ఆటోనగర్లో ఖాదర్ ఉస్తాదు దగ్గర పని నేర్చుకున్నారు. ఖాదర్ నూర్‌కి స్వయానా మేనమామ. అయినా శిష్యులిద్దరూ సొంతంగా బతకడానికి బయల్దేరిన రోజున, ఆయన తన టెస్ట్ బల్బు తీసి జయరాజ్ చేతిలో పెట్టాడు. ఇత్తడి హోల్డరు, దాని మీద సూదితో చెక్కిన 'ఖా' అక్షరం. మేనల్లుణ్ని మాత్రం భుజం తట్టి, "నీకు వోల్టు మీటరుంది కదరా," అన్నాడు. ఆ తట్టు బరువు ఇంకా నూర్ భుజం దిగలేదు.

జయరాజ్‌ది హస్తవాసి అని జగ్గయ్యపేటలో పేరు పడింది. చెయ్యి పెడితే చాలు, బండి లేస్తుందట. దాని మర్మం నూర్‌కి తెలుసు. పాత బండ్ల జబ్బుల్లో సగం బ్యాటరీ మొనల మీద పేరుకునే తెల్లటి పొడి వల్ల వచ్చేవే. చెయ్యి తగిలి వైరు కాస్త కదిలితే కరెంటు అందుకుంటుంది. ఎవరి చెయ్యి తగిలినా అందుకుంటుంది. లేచిన బండి గురించి పదిమందీ చెప్పుకుంటారు, మూడోనాడు మళ్లీ ఆగిన బండి ఊసు ఎవరూ ఎత్తరు. ఈ సంగతి అతను ఎంతోమందికి ఓపిగ్గా విప్పి చెప్పాడు. వాళ్లు శ్రద్ధగా విని, తలాడించి, బండి తీసుకుని జగ్గయ్యపేట వెళ్లారు.

"పొద్దున్నే జయరాజ్ పేరెత్తకపోతే మీకు టీ దిగదా?" అని భార్య నాగూర్‌బీ ఈరోజు కూడా అడిగింది, ఫ్లాస్కు మూత బిగిస్తూ. "ముప్పై మూడేళ్లయింది నన్ను చేసుకుని. నా పేరు అన్నిసార్లు ఎత్తారా?"

ఈమధ్య మరీ ఎక్కువగా ఎత్తుతున్న మాట నిజమే. రెండు నెలల కింద నందిగామ బస్టాండులో జయరాజ్ ఎదురుపడ్డాడు. నాలుగడుగుల దూరం. నూర్ చెయ్యెత్తాడు కూడా. జయరాజ్ సరిగ్గా అతని ముఖంలోకే చూసి, పలకరించకుండా పక్కనుంచి నడిచి వెళ్లిపోయాడు. ఎత్తిన చెయ్యి తల గోక్కుంటున్నట్టుగా దించుకోవాల్సి వచ్చింది.

అందుకే ఈ పొద్దు తిరుపతిరావు కారు ఆపగానే అతను చేతిలో పని పక్కన పడేసి ఎదురెళ్లాడు. తిరుపతిరావు చిల్లకల్లులో మిరప పండించే రైతు. ఇరవై ఎనిమిదేళ్ల నాటి ఆయన తెల్ల కారు రెండు రోజులు కదలకుండా ఉంటే మూడోరోజు లేవడం లేదు. జయరాజ్ డైనమో విప్పి బ్రష్షులు మార్చాడు, పోయిన వారం ఇంటికొచ్చి మళ్లీ చూసి కొత్త బ్యాటరీ పెట్టించాడు. ఫలితం లేదు.

"అయినా అదేం చెయ్యో!" అన్నాడు తిరుపతిరావు. "ఈమధ్య కళ్లు కూడా పెట్టడు నూరూ. అట్టా ఎటో చూస్తా, వైర్లు చేత్తో తడిమి చెప్పేస్తాడు. అంత అనుభవం!"

"చెప్పినా బండి లేవలేదు గదండీ."

"అదేగా మరి! ఆయన చేతికే లొంగలేదంటే ఇది దిష్టే అంటోంది మా ఆవిడ దుర్గాంబ. గుమ్మడికాయ కూడా కొట్టించింది."

"గుమ్మడికాయ బ్యాటరీకి చార్జింగ్ ఎక్కించదండీ."

"నీ నోరు నీదీ! సరే, తహసీల్దారాఫీసులో పనుంది, పదకొండింటికొస్తా. నువ్వు గనక దీన్ని బాగుచేశావా, జగ్గయ్యపేట సెంటర్లో నిలబడి చెబుతా, జయరాజ్ వల్ల కానిది నందిగామ నూర్ చేశాడని."

ఆ ఒక్క వాక్యం కోసమే నూర్ పని చేస్తున్నాడు. ఇంజను ఆడుతుండగా మీటరు పెట్టి చూస్తే పద్నాలుగు వోల్టులు చూపింది. అంటే డైనమోలో తప్పు లేదు. బ్యాటరీ కొత్తది. ఇక మిగిలింది కరెంటు కారుడే. అది ఇప్పుడు అరచేతుల దొప్పలో ఎర్రగా కనబడింది. ఫ్యూజులు ఒక్కొక్కటీ పీకుతూ, ప్రతిసారీ బల్బు దగ్గరికి వచ్చి వంగి చూశాడు. నాలుగోది పీకగానే ఎర్ర తీగ ఆరిపోయింది. ఆ ఫ్యూజు మీద ఉన్నవి లోపలి లైటు, ఏనాడో ఊడబెరికిన రేడియో, డిక్కీ లైటు. లోపలి లైటు ఆరే ఉంది.

ఫ్యూజు, బ్యాటరీ వైరు తిరిగి బిగించాడు. డిక్కీ మూసే ఉంచి పది నిమిషాలు కూర్చుని టీ తాగాడు. తర్వాత డిక్కీ ఎత్తీ ఎత్తగానే లోపలి బల్బు మీద వేలు పెట్టి చురుక్కుమని వెనక్కి తీసుకున్నాడు. అప్పుడే వెలిగిన బల్బుకి అంత వేడి ఉండదు. మూసిన డిక్కీలో, ఎవరూ చూడని చీకట్లో, అది రాత్రింబగళ్లు వెలుగుతూనే ఉంది. మూత పడగానే లైటు ఆర్పవలసిన స్విచ్చు సందులో మిరపగింజలు, ఎర్ర దుమ్ము ఇరుక్కుని అది బిగుసుకుపోయింది. అతనికి ఆనందం, తుమ్ము ఒకేసారి వచ్చాయి.

స్విచ్చు విప్పుదామని స్టెప్నీ మీది గోనెసంచి పక్కకు లాగాడు. దాని కింద, వైర్ల చుట్ట నడుమ, ఇత్తడి మెరిసింది.

'ఖా'.

హోల్డరులో బల్బు లేదు. బల్బు ఉండాల్సిన చోట రెండు వైర్లు అతికించి, వాటికి ఒక మోపెడ్ హారన్ కట్టి ఉంది. నూర్‌కి ఒళ్లు మండిపోయింది. మామ పనిముట్టుని పిల్లల బొమ్మ చేశాడనుకున్నాడు. క్లిప్పులు తిన్నగా బ్యాటరీకి ఆనించాడు. హారన్ కీచుమంది. ఏదో అనుమానం వచ్చి, ఇందాక తన బల్బు పెట్టిన చోటే దాన్ని తగిలించాడు. చప్పుడు లేదు. చెవి ఆనించినా లేదు. హారన్ మోగాలంటే బాగా కరెంటు లాగాలి; డిక్కీ లైటు పోనిచ్చేది అందులో నాలుగోవంతు కూడా ఉండదు.

చూడగలిగినవాడు వెలుతురు వదులుకుని చప్పుడు ఎందుకు కట్టుకుంటాడు? ఎటో చూస్తూ చేత్తో తడమడం, బస్టాండులో ముఖంలోకి చూసి కూడా పలకరించకపోవడం, పోయిన వారం ఈ డిక్కీలో మరిచిన పనిముట్టుని ఇంకా అడగకపోవడం ఒక్కచోటికి చేరాయి. జయరాజ్‌కి చూపు పోయింది. హారన్ మోగలేదు కాబట్టి కారుడు లేదనుకున్నాడు. కారుడు లేదు కాబట్టి డైనమో, బ్యాటరీ చూశాడు. ఉస్తాదు నేర్పిన వరసే. హస్తవాసి అని లోకం అనుకున్నన్నాళ్లూ వాడు చేసింది ఆ వరస తప్పకుండా వెతకడమేనన్నమాట. అంతకంటే ఎక్కువగా నూర్‌ని గుచ్చింది ఇంకొకటుంది: ఈ హారన్ ఉపాయం తనకు తట్టేది కాదు.

స్విచ్చు శుభ్రం చేసి, నూనె చుక్క వేసి బిగించాడు. అప్పుడు తిరుపతిరావు వచ్చాడు. చేతిలో ఫోను అలాగే ఉంది.

"జయరాజ్ పోయాడంట నూరూ. షుగర్ ముదిరిందంట. తొమ్మిదిన్నరకి. వాళ్లావిడ ప్రేమకుమారి గారి తమ్ముడు ఇప్పుడే ఫోన్ చేశాడు."

తొమ్మిదిన్నరకి తను ఫ్యూజులు పీకుతున్నాడు. నూర్ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. తుడిచిన చేతినే మళ్లీ తుడిచాడు.

"బండి లేస్తుందా?"

"లేస్తుందండీ. ఇక ఆగదు."

"ఏంటంట? ఆయనకి ఎందుకు దొరకలా?"

ముప్పై ఆరేళ్లు ఎదురుచూసిన ప్రశ్న అది.

"డిక్కీ స్విచ్చండీ. మిరపగింజలు ఇరుక్కున్నాయి. నిన్నో మొన్నో ఇరుక్కుని ఉంటాయి. ఆయన చూసినప్పుడు బాగానే ఉండుంటది."

"మరి అంతకుముందు ఆగిందీ?"

"అప్పుడు బ్యాటరీదే తప్పు. ఆయన మార్చిందే రైటు."

"అనుకున్నా," అన్నాడు తిరుపతిరావు, కండువాతో కళ్లొత్తుకుంటూ. "ఆ చెయ్యి తప్పదు. అట్టాంటి చెయ్యి ఇంక ఈ చుట్టుపక్కల లేదు."

అది నూర్ చేజేతులా ఇచ్చిన మాటే. అయినా ముల్లులా గుచ్చుకుంది.

"నువ్వూ ఎక్కు. ఒక్క ఉస్తాదు దగ్గర నేర్చుకున్నోళ్లు గదా."

"మీరు పదండి. స్నానం చేసి బస్సుకొస్తా."

కారు తాళం తిప్పగానే లేచి, జగ్గయ్యపేట వైపు మలుపు తిరిగింది. ఆ ఇత్తడి వస్తువు సంగతి ఆయన అడగలేదు, నూర్ చెప్పలేదు. స్క్రూడ్రైవర్ తీసుకుని, ముందు హారన్ ఊడదీద్దామని కూర్చున్నాడు. హోల్డరు ఒక్కటే కదా మామది. ఒక మర సగం వదులు చేశాక, దాన్ని మళ్లీ బిగించేశాడు. దాన్ని గోడ మీద, తన టెస్ట్ బల్బు పక్కనున్న మేకుకి తగిలించి, షట్టరు దించడానికి లేచాడు.

రేకుల సందులోంచి ఎండ అప్పటికి ఆ గోడ మీదికి జరిగింది. అరిగిన 'ఖా' కింద హారన్ వేలాడుతోంది. దాని కిందుగా రెండు క్లిప్పులు, వేలికి తెలిసేలా నల్లదారం బిగించి కట్టినవి, ప్లస్‌కి ఒక ముడి, మైనస్‌కి రెండు.