గొలుసు మార్కు పానా

కాటమయ్య ఆ పొద్దున జనగామ బస్సెక్కింది విరిగిన పైపు పానాను దుకాణదారు మొహాన కొట్టడానికే.

నర్మెట్ట చుట్టుపక్కల బోరు మోటరు తీయాలన్నా, దించాలన్నా ఇరవై ఏళ్లుగా కాటమయ్యే. పైపులు లాగేటప్పుడు క్లాంపు మార్చే ఆ ఒక్క నిమిషం, మోటరు బరువంతా పానా ఒక్కటే పట్టి ఆపాలి. నిన్న గట్టమ్మ పొలంలో సరిగ్గా ఆ నిమిషానే గొలుసు మార్కు కొత్త పానా పుటుక్కున విరిగింది. ఆరు పైపులూ, మోటరూ బోరులోకి జారిపోయాయి. గట్టమ్మ వరి పొట్టకొచ్చి ఉంది. నాలుగు రోజుల్లో నీళ్లు పారకపోతే రెండెకరాలూ తాలే. ఆమె తిట్టలేదు. "నీ చెయ్యి మీద నమ్మకంతోని పిలిచిన బిడ్డా," అంది, అంతే. తిట్టినా బాగుండేది.

దుకాణంలో చంద్రమౌళి సేటు విరిగిన ముక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గిది పైపులు తిప్పెటందుకు అన్నా. మోటరు ఆపెటందుకు కాదు. కంపెనీ ఒప్పుకోదు."

"పాతది ఇరువై ఏండ్లు ఆపలేదా? గదీ గొలుసు మార్కే గదా!"

"గప్పటి ఇనుము ఇప్పుడు యాడుంది?"

"ఇనుము పాడైతె ధర ఎందుకు డబలైంది సేటూ?"

సేటు గల్లాపెట్టె సర్దుకున్నాడు. పేరు గొప్ప, ఊరు దిబ్బ! కాటమయ్యకు అరికాలి మంట నెత్తికెక్కింది. 'పాతది తెండి, మూడొందలు తగ్గిస్తాం' అన్న బోర్డు చూసి, ఏటా దసరాకు బొట్టు పెట్టి మొక్కిన పానాను మొన్నటి దసరాకు ఇదే గల్లా మీద పెట్టాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. పాతవన్నీ తుక్కుకే పోతాయని అప్పుడు సేటే చెప్పాడు.

దుకాణం వెనక పెరట్లో ఇనుము చప్పుడైంది. కాటమయ్య తొంగి చూశాడు. సేటు దగ్గర పనిచేసే ప్రదీప్ అక్కడి బోరు పైపు విప్పుతున్నాడు. వాడి చేతిలోని పానా పిడి చివర, పదేళ్ల కింద కాటమయ్య వెల్డింగ్ చేయించుకున్న నట్టు ఉంది.

"సేటూ, గిదేనా తుక్కు?"

"మా బోరుకు అక్కరకొస్తదని..."

"మీ బోరుకు పాతది, మా బోర్లకు కొత్తదా! సిగ్గు లేదా జర?"

కాటమయ్య పెరట్లోకి పోయి ప్రదీప్ చేతిలోంచి పానా గుంజుకున్నాడు. తిరిగొచ్చి మూడొందలు గల్లా మీద కొట్టి, పక్కన విరిగినదాన్ని పెట్టాడు.

"దమ్ముంటె గిప్పుడు గీ కొత్తదానితోని దించుకో నీ మోటరు!"



మర్నాడు గట్టమ్మ బోరులోకి గాలం వేశాడు. మధ్యాహ్నానికి పైపు చిక్కి పైకి వచ్చింది. పాత పానా బిగించాడు. క్లాంపు మార్చేదాకా పైపు ఇసుమంత కదల్లేదు. అంతసేపూ సేటును, కంపెనీని బండబూతులు తిడుతూనే ఉన్నాడు.

గట్టమ్మ వంగి పిడి చివరి నట్టును చూసింది.

"గీ పానా నాకెరుకే. ఇన్నొద్దులు యాడికి పోయింది బిడ్డా?"

కాటమయ్య తిట్లు ఆగిపోయాయి.

"నేనే ఇచ్చిన అవ్వా," అన్నాడు తలెత్తకుండా. "మూడొందలకు."