వరహాలు అడిగిన దవనం

రైలు ఆగింది, నేను దిగుతున్నాను, కాలు పెట్టేచోట ప్లాట్‌ఫాం ఉండాలి కదా, లేదు, మా పెరడుంది, పొద్దున నేను పోసిన నీళ్ళ తడి ఇంకా ఆరనే లేదు, ఆ తడిలో నాలుగడుగులు వేసేసరికి అది కాస్తా వరహాలు ఇంటి వాకిలి అయిపోతోంది. ఆకుపచ్చ పట్టుచీర కట్టుకున్నాను, తల్లో కనకాంబరాలు పెట్టుకున్నాను, చంకలో స్టీలు డబ్బా, చేతిలో వెదురుబుట్ట. వరహాలు పుట్టినరోజు పార్టీ కదా మరి. బజారులో కొన్న గడియారాలూ గాజుగ్లాసులూ దానికి గిట్టవు, "అవన్నీ అటకెక్కించడానికే గానీ దేనికే వదినా, నీ పెరట్లోది ఏదైనా పట్రా" అంటుంది, అందుకని అన్నీ నా చేత్తో చేసినవే. డబ్బాలో పుదీనా ఎండబెట్టి దంచిన కారప్పొడి, బుట్టలో వామాకు వేసి కాచిన కొబ్బరినూనె, మోకాళ్ళకు రాసుకుంటుందని, బీరువాలో చీరల మధ్య పెట్టుకోవడానికి ఎండు మరువం మూట, అన్నిటికీ పైన దవనం కట్ట, ఊడిపోకుండా అరటినారతో రెండు ముళ్ళు వేసి బిగించాను.

బుట్ట బరువెక్కుతోంది. వంగి చూస్తే దవనం పెరుగుతోంది, కోసి కట్టిన దవనం ఎక్కడైనా పెరుగుతుందా, ఇది పెరుగుతోంది, బుట్ట అంచు దాటి నా మోచేతి దాకా వచ్చేస్తోంది, దాని వాసనకి నాకు నవ్వొస్తోంది.

వాకిట్లో వరసగా కుర్చీలు, కుర్చీల్లో జనం, అందరి బట్టలూ తడిసి ఉన్నాయి, చీర అంచుల్లోంచి నీళ్ళు బొట్లు బొట్లుగా కారుతున్నాయి. "ఏమర్రా, వానొచ్చిందా ఏంటి?" అని అడుగుతున్నాను. అందరూ నా తల్లో కనకాంబరాలకేసి చూస్తున్నారు.

లోపల్నుంచి వరహాలు వస్తోంది. చేతులకి పిండి, తలమీద కొంగు నిండుగా కప్పుకుని, ఎప్పుడూ అలా కప్పుకునే మనిషి కాదు.

"ఇప్పుడా రావడం? కేకు ఎండిపోతోంది" అంటోంది.

"ఎండితే పాలలో ముంచుకు తిందువు గాని, పళ్ళు లేనిదానివి నీకెందుకే అంత ఆత్రం" అంటున్నాను.

"నీకున్నాయి కదా పళ్ళు, రాత్రయితే గ్లాసులో పెట్టుకుని పడుకుంటావు."

నేను నవ్వుతున్నాను, అది నవ్వుతోంది, తడిబట్టల వాళ్ళు మాత్రం నవ్వరు. మా ఇద్దరికీ రక్తసంబంధం ఏమీ లేదు, పక్కపక్క ఇళ్ళకి కాపురానికొచ్చాం, నేను దాన్ని వదినా అన్నాను, అది నన్ను వదినా అంది, ఎవరు ఎవరికి వదినో ఈనాటికీ తేలలేదు. మేం స్టేషనుకి అవతలి పక్కకి ఇల్లు మారినా ఆ పిలుపు మారలేదు.

"ఊరంతా టపాకాయలు కాలుస్తున్నారు చూడవే, నా పుట్టినరోజని" అంటోంది. అదెప్పుడు పుట్టిందో వాళ్ళమ్మకే గుర్తులేదు, పెద్దగాలివాన వచ్చిన ఏడని మాత్రం చెప్పేది, ఆధార్ కార్డు రాసినవాడు జనవరి ఒకటి అని వేసేశాడు, ఇంక అదే ఖాయం చేసుకుంది. దాని కోడలు కుసుమ బళ్ళో పాఠాలు చెప్పే పిల్ల, "ఈసారి కేకు కోయించాల్సిందే అత్తయ్యా" అని పట్టుబట్టింది.

ఇల్లు ఎప్పుడు హాలయిందో తెలియలేదు, హాలు మధ్యలో బల్ల, బల్లమీద తెల్లటి కేకు. వరహాలు నన్ను మోచేత్తో పొడుస్తోంది, "ఊదవే, నాకు ఊపిరి రావట్లేదు, నువ్వు ఊది ఆర్పు" అంటోంది. నేను వంగుతున్నాను, బుగ్గలు పూరించాను కూడా, అప్పుడు కనిపిస్తోంది నాకు, అది కొవ్వొత్తి కాదు, ప్రమిద, ఒంటి వత్తి నూనె ప్రమిద, దాని చుట్టూ ఉన్న తెలుపు కేకు కాదు, బియ్యం.

ఈ ప్రమిద నేనెరుగుదును. దీన్ని ఎవరి తలవైపు పెట్టారో నేను చూశాను.

"వరాలూ, నువ్వు చచ్చిపోయావు కదే!"

"మెల్లిగా అనవే, అందరూ వింటారు" అంటోంది అది.

నా కాళ్ళకింద నేల మళ్ళీ రైలుపెట్టెలా ఊగుతోంది. మొత్తం ఒక్కసారిగా మీద పడుతోంది, ఆ పొద్దున, ఆ ఫోను. వీధిలో పిల్లలు కొత్త సంవత్సరమని టపాకాయలు కాలుస్తున్నారు, నాకు అసలే ఎడమచెవి వినపడదు, అవతల కుసుమ గొంతు బొంగురుగా, "పెద్దమ్మగారూ, అత్తయ్య..." ఢామ్మని పేలింది, "దహనం మధ్యాహ్నమేనండీ, వచ్చెయ్యండి" అంది. నేను దవనం అని విన్నాను, వరాలే అడిగించింది కాబోలనుకున్నాను. చదువుకున్న పిల్ల, దహనం అంది, మా నోళ్ళలో ఆ మాట ఎప్పుడాడింది గనక, మేం తీసుకెళ్ళడం అంటాం, సాగనంపడం అంటాం. "తెస్తానమ్మా, అంతా కట్టి రెడీగా పెట్టాను, నువ్వేం కంగారుపడకు" అన్నాను. ఆ పిల్ల ఏమనుకుందో! పట్టుచీర కట్టుకుని, పూలు పెట్టుకుని, ఆటోలో వెళ్ళి వాళ్ళ గేటు ముందు దిగాను, అరుగు నిండా జనం, పార్టీకి వచ్చారనుకున్నాను, గేటు తోసుకుంటూ నవ్వుతూ అరిచాను, "ఏమే వరాలూ, ఇంకా ముస్తాబవ్వలేదా? అందరూ వచ్చేశారే! లే, లే!" అని.

అరిచి, గుమ్మం దాటి, చూశాను.

తెల్లారకుండానే నిద్రలో పోయిందట. ఆ తర్వాత నాకేమీ గుర్తులేదు. ఎవరో నన్ను ఆటో ఎక్కించారు. బుట్టా డబ్బా అక్కడే ఉండిపోయాయి.

"వినపడిందా నీకు, నేనన్నది?" అని అడుగుతున్నాను. నా గొంతు నాది కాదు, చిన్నపిల్ల గొంతులా ఉంది.

"ఎందుకు వినపడదు? నాకు నీలాగా చెవుడా?" అంటోంది వరహాలు, బల్లమీద బియ్యాన్ని చేత్తో సర్దుతూ. "నువ్వు లే లే అన్నావా, నేను లేవబోయానే వదినా. నిజంగా లేవబోయాను. నడుం పట్టేసింది."

ఇది హాస్యానికి అంటోందో నిజంగానే అంటోందో మొహం చూస్తే తెలిసేది, బతికుండగా ఎప్పుడూ తెలిసేది, ఇప్పుడు తెలియడం లేదు.

"రేపు పెద్దకార్యం. కుసుమ వచ్చి పిలిచి వెళ్ళింది. మోకాళ్ళ నొప్పులు, రాలేనని చెప్పాను" అంటున్నాను.

"వామాకు నూనె నాకిచ్చి, మోకాళ్ళ నొప్పులు నీకా?"

"ఏ మొహం పెట్టుకుని రానే? పీనుగ దగ్గర పట్టుచీరలో నిలబడి నవ్విన దాన్ని. మీవాళ్ళు నన్ను చూస్తే ఏమనుకుంటారు?"

"పిచ్చిదానా" అంటోంది, అలా అనేటప్పుడు దాని పాత గొంతు వచ్చేసింది, పెరటి గోడ మీదనుంచి గిన్నె అందిస్తూ మాట్లాడే గొంతు. "మిగతా వాళ్ళంతా నా చావుకొచ్చారే. నా పుట్టినరోజుకి వచ్చింది నువ్వొక్కదానివే."

నేను ఏడుద్దామంటే కన్నీళ్ళు రావడం లేదు, తడిబట్టల వాళ్ళ దగ్గరే నీళ్ళన్నీ ఉన్నాయి కాబోలు. నన్ను అసలు కాల్చేస్తున్న మాట వేరే ఉంది, అది అడగకుండా తప్పించుకోలేను.

"దవనం ఏమైందే?"

వరహాలు పిండిచేతులు కొంగుకి తుడుచుకుంటోంది.

దానికి మొగుడు చిన్నప్పుడే పోయాడు. ఆ రోజునుంచి తల్లో పువ్వు పెట్టలేదు, ఎవరో పెట్టొద్దన్నారు, అది పెట్టలేదు, నేను జడలో ఏది తురుముకున్నా దగ్గరికొచ్చి వాసన చూసి వెళ్ళిపోయేది. మొన్న కార్తీకం వెళ్ళాక మా పెరట్లో దవనం మడి దగ్గర చతికిలబడి, ఒక రెమ్మ నలుపుకుంటూ, "వదినా, దవనం పువ్వా?" అని అడిగింది. "పువ్వెక్కడిదే, ఆకే కదా" అన్నాను. ఆ రెమ్మ వాసన చూసి, "మరి ఆకు పెట్టుకోవద్దని నాకెవరూ చెప్పలేదు" అంది. ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకుని పగలబడి నవ్వాం. "పుట్టినరోజుకి పట్రా, కేకు కోసేముందు పెట్టుకుంటాను, ముందే చెబితే మాట్లాడతారు, నువ్వు ఎవరికీ చెప్పకు" అని చేతిలో చెయ్యి వేయించుకుంది. నేను ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకి కూడా.

"చెప్పవేమే? ఆ కట్ట ఎక్కడ పడేశారు? పెంటలో వేశారా?"

"నువ్వు చెప్పేశావుగా వదినా" అంటోంది.

"నేనా? ఎవరికి?"

"అందరికీ. నీకు గుర్తులేదూ? గుమ్మంలో కూలబడిపోయి, కట్ట ఎత్తి పట్టుకుని, తల్లో పెట్టుకుంటానన్నావు కదే, ఒక్కసారి పెట్టుకుంటానన్నావు కదే అని అరిచావు. వీధి చివర దాకా వినపడింది."

నా చేతిలో బుట్ట జారిపోతోంది. నేను అరిచానా? చేతిలో చెయ్యి వేసి ఒట్టు పెట్టిన మాటని, అంతమంది మధ్య, అది పలకలేకుండా పడుకుని ఉంటే, నేను అరిచి చెప్పానా? తడిబట్టల వాళ్ళు ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు లేచి నిలబడుతున్నారు, కుర్చీలు వెనక్కి జరిగిన చప్పుడు రైలు చక్రాల చప్పుడైపోతోంది, నాకు పారిపోవాలని ఉంది, కాళ్ళు దవనంలో చిక్కుకున్నాయి, నేలంతా దవనమే.

"ఒట్టు మీద మట్టి కొట్టాను కదే, నీ పరువు తీశాను కదే!"

"పరువుని కట్టెల మీద పెట్టుకుని తీసుకుపోతానా నేను?" అంటోంది, కొంచెం విసుగ్గా, చారులో ఉప్పు ఎక్కువైతే విసుక్కున్నట్టు. "నువ్వు అరవకపోతే మా కుసుమకి ఎలా తెలుస్తుంది?"

"కుసుమకా?"

"స్నానం చేయించాక అందర్నీ అవతలికి పొమ్మంది. తలుపు దగ్గరికి వేసింది. నీ ముళ్ళు విప్పడం ఆ పిల్లవల్ల అవుతుందా, గోళ్ళు నొప్పెట్టాయి పాపం, కత్తెర తెచ్చింది. నువ్వు దేన్నయినా అలా బిగిస్తావెందుకే వదినా, ఏదో పారిపోతుందన్నట్టు?"

అంటూ తలమీద కొంగు వెనక్కి లాగుతోంది. నేను చూడకూడదనుకుంటున్నాను, చూస్తున్నాను. తెల్లటి ముడి, ముడి చుట్టూ పచ్చగా, బూడిదరంగు కలిసిన ఆ పచ్చ, మా మడిలో పచ్చ, ఒత్తుగా, వంకర లేకుండా, ఎంత ఓపిగ్గా తురిమారో. తల అటూ ఇటూ తిప్పి చూపిస్తోంది, కొత్తపెళ్ళికూతురిలా.

"బాగుందా?"

దవనం వాసన వస్తోంది, గదంతా నిండిపోతోంది.

"రేపు రా. డబ్బా ఖాళీగా తేకు" అంటోంది. ఇంకా ఏదో అంటోంది, వినపడని చెవివైపు నిలబడి అంటోంది, "ఇటు తిరిగి చెప్పవే" అని నేను అరుస్తుంటే రైలు కూత వేసింది.

కూత నిజమైనదే. మధ్యాహ్నం విశాఖ వెళ్ళే బండి. నేను మా వరండాలో మంచం మీద ఉన్నాను, భోజనం చేసి నడుం వాల్చిన దాన్ని, ఎండ మంచంకోడు దాకా వచ్చేసింది, జాకెట్టు చెమటకి తడిసిపోయింది. పక్కన మా ఆయన పేపరు మొహం మీద కప్పుకుని గురకపెడుతున్నారు.

మంచం కింద స్టీలు డబ్బా ఉంది. నిన్న పిలవడానికి వచ్చినప్పుడు కుసుమ లోపలికి రాకుండా అరుగు మీదే పెట్టి, "మీ డబ్బా పెద్దమ్మగారూ" అని వెళ్ళిపోయింది. నేను ఆ పిల్ల మొహం చూడలేదు, డబ్బా మూతా తీయలేదు, కాలితో మంచం కిందికి తోసేశాను.

వంగి లాగాను. మూత బిగుసుకుపోయి ఉంది, గరిటె కాడతో ఎత్తాను.

కారప్పొడి లేదు. శుభ్రంగా కడిగి తుడిచి ఉంది. అడుగున అరటినార, ఎండిపోయి, గాజులా గుండ్రంగా వంగి, దానికి అంటుకుని గింజంత దవనం ఆకు. నారని ఒకచోట కత్తెరతో కోశారు. నేను వేసిన ముళ్ళు రెండూ వేసినవి వేసినట్టే ఉన్నాయి.