ఆ అరగంట

వసుమతి చేసిన పనిని ల్యాబ్ వాళ్లు తమ పేర్లతో అచ్చు వేసుకున్నారు. ఇందులో వాదించడానికేమీ లేదు. వ్యాసం మీద ఐదు పేర్లున్నాయి, నా భార్య పేరు లేదు. టెక్నీషియన్ల పేర్లు వేయరట. ఆ ఏడాదే ఆమె గుండె ఆగి చనిపోయింది.

2012 మార్చిలో ఒక శనివారం ఆరుష్ టెక్సస్‌లో, ఇర్వింగ్ ఊళ్లో మా అపార్ట్‌మెంట్‌కి వచ్చాడు. దగ్గర్లోని ప్లేనోలోనే పుట్టి పెరిగినవాడు, ఆ ల్యాబ్‌లోనే పీహెచ్‌డీ చేస్తున్నాడు. చేతిలో వసుమతి చిత్తుపుస్తకం ఉంది. అతన్ని కూర్చోమన్నాను. నేను మాత్రం కిటికీకీ స్టవ్‌కీ మధ్య తిరుగుతూనే ఉన్నాను.

"అంకుల్, ఆ పేపర్‌లో ఎక్స్‌పెరిమెంట్ మాకెవరికీ వర్క్ అవ్వట్లేదు. ఆంటీ చేస్తే అయ్యేది. ఇది ఆంటీ డ్రాయర్‌లో దొరికింది. నాకు తెలుగు చదవడం రాదు."

"మీ ప్రొఫెసర్‌కొచ్చా?"

"ప్లీజ్ అంకుల్. ఆంటీ డిఫరెంట్‌గా ఏం చేసిందో తెలిస్తే, అది మాకూ వర్క్ అయితే, కొత్త పేపర్‌లో ఆంటీ పేరు ఫస్ట్. ప్రొఫెసర్ ఈమెయిల్ ఉంది, చూడండి."

చూశాను. మా ఊరి బడిలో పది దాకా చదివిన ఇంగ్లీషు నాది. ఆమె పేరు పోల్చుకోవడానికి అది చాలు.

పని ఏమిటో ఒకసారి వసుమతే చెప్పింది. పెప్టైడ్లంటే చిన్న చిన్న ప్రొటీన్ ముక్కలు. నీళ్లలో వాటంతట అవే అతుక్కుని, డీఎన్‌ఏని మూటకడతాయి. ఆ మూటను బతికున్న కణం లోపలికి తీసుకుంటుంది. పని జరిగితే మర్నాటికి కణం పచ్చగా వెలుగుతుంది. "ఎవరూ కట్టక్కర్లేదండీ, వాటికే తెలుసు," అంది. నేను సగమే విన్నాను.

పుస్తకం తెరిచాను.

"అక్టోబరు 4. కలిపి పెట్టి ఆయనకి ఫోన్ చేశాను. పప్పులో ఉప్పెక్కువైందని అరగంట తిట్టారు. అన్నీ వెలిగాయి."

"అక్టోబరు 9. పని ఉందని ఆయన వెంటనే పెట్టేశారు. పది నిమిషాలకే కణాల మీద వేశాను. ఒక్కటీ వెలగలేదు."

పేజీలన్నీ అలాగే ఉన్నాయి. నేను గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాను. రోజూ పన్నెండున్నరకి ఆమె ఫోన్ చేసేది. వెలగని రోజులే ఎక్కువ.

చివర్లో ఇలా ఉంది: "అరగంట ఆగితేనే మూట సరిగ్గా కడుతోంది. పది నిమిషాలని రాసి ఉన్నచోట ఫోన్ కోసం అరగంట వదిలేశానని ల్యాబ్ పెద్దపుస్తకంలో ఎలా రాయను? ఇకనుంచి ఆయన పెట్టేసినా ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుంటాను. మాట్లాడుతున్నాననుకుని ఎవరూ పనికి పిలవరు."

కిటికీ దగ్గరికెళ్లి నిలబడ్డాను. కింద పార్కింగ్‌లో ఎవరో కారు రివర్స్ చేస్తున్నారు.

"అంకుల్? ఏం రాసింది?"

"కలిపాక అరగంట కదపకూడదు."

"అంతేనా! వావ్. కానీ ప్రోటోకాల్‌లో టెన్ మినిట్స్ కదా. ఆంటీ ఎందుకు వెయిట్ చేసింది?"

"రాయలేదు."

పుస్తకం కోసం చెయ్యి చాచాడు. నేను ఇవ్వలేదు.

"అంకుల్, అది ల్యాబ్‌ది."

"చదవడం రాదన్నావుగా. తీసుకెళ్లి ఏం చేస్తావు?"

అతను వెళ్లగానే నేనూ కారు తీశాను. హైవే మీద చీకటి పడేదాకా తిరిగాను. ఎక్కడా దిగలేదు.

మరుసటేడు కొత్త వ్యాసం వచ్చింది. మొదటి పేరు వసుమతిదే. పన్నెండున్నరకి, నేను గోడౌన్‌లో ఉండగా, ఆరుష్ ఫోన్ చేశాడు.

"ఆంటీ పేరు ఫస్ట్ అంకుల్! కానీ టాక్ ఇచ్చినప్పుడల్లా అందరూ అదే అడుగుతున్నారు, ఆ హాఫ్ అవర్ ఐడియా ఎలా వచ్చిందని. ఆంటీ మీతో ఎప్పుడైనా..."

"పని ఉంది," అని పెట్టేశాను.

పెట్టేశాక ఫోన్ వంక చూశాను. మళ్లీ చేయలేదు.

పేరు వేసినంత మాత్రాన వాళ్లను క్షమించలేదు. క్షమించాల్సినవాళ్లలో ఇంకొకడున్నాడు, వాణ్ణీ క్షమించను. ఆమె ఆ అరగంట ఏం చేసిందో ఇక్కడ ఒక్కసారి రాశాను. ఇక ఎవరడిగినా చెప్పను.