మీ ఇష్టమండీ

పచ్చదనం అంటే ముందు గోడకు పచ్చరంగు వెయ్యడమని ఆసుపత్రివాళ్ళకు ఎవరు చెప్పారో గానీ, కొత్త లాండ్రీకి నీళ్ళ గొట్టాలు రాకముందే రంగు వచ్చేసింది. దుప్పట్ల బండి తోసుకుంటూ రోజూ ఆ గోడ పక్కనుంచే పాత షెడ్డుకు వెళ్ళే పెద్దక్కకు దాన్ని చూస్తే ఒళ్ళు మండిపోతోంది. కోపమంతా రంగు మీదే అయితే బాగుండేది. సగం తన నోటి మీద.

జబ్బు ఊరంతా పాకినప్పుడు ఆసుపత్రి బట్టలుతికే కంపెనీ తన లారీని గేటు దాకా కూడా పంపలేదు. డ్రైవర్లకు భయమన్నారు, యంత్రాలు చెడిపోయాయన్నారు, చివరికి ఫోను ఎత్తడమే మానేశారు. అప్పుడు ఇళ్ళల్లో బట్టలుతుక్కుని బతికే వెనకవీధి ఆడవాళ్ళు పదిమంది వచ్చి, ఆ షెడ్డులో కాగులు పెట్టి నీళ్ళు మరగబెట్టి, రోగుల దుప్పట్లు ఉతికారు. వాళ్ళను కూడగట్టింది పెద్దక్కే. తనకన్నా వయసులో పెద్దవాళ్ళు కూడా ఆమెను అలాగే పిలుస్తారు. బ్లీచింగు నీళ్ళకు అందరి చేతులూ పొక్కిపోయాయి. పెద్దక్కకు ఈ పని నేర్పిన ఆడపడుచు ఆ దుప్పట్ల మధ్యే జబ్బు తగిలించుకుని మళ్ళీ లేవలేదు. ఊరు మాత్రం మేడలెక్కి చప్పట్లు కొట్టింది.

జబ్బు తగ్గాక, ఇకమీదట అన్నీ కొత్తగా, న్యాయంగా చేసుకుందామని పెద్దలందరిదీ ఒకటే మాట. ఎండతో నీళ్ళు కాగే లాండ్రీ కడతారట. వాడిన నీళ్ళు శుభ్రమై మళ్ళీ తొట్టిలోకే వస్తాయట, కాలవలోకి నురగ పోదట. అన్నిటినీ మించి, అందులో పనిచేసేవాళ్ళే దానికి భాగస్తులు కావచ్చట. ఆ చివరి మాట విన్నాక పెద్దక్క కాళ్ళు నేల మీద నిలవలేదు.

ఆసుపత్రి పరిపాలన చూసే పెద్దసారు వాళ్ళను పిలిచి అడిగాడు కూడా. "కొత్తదాంట్లో మీరు వాటాదారులుగా ఉంటారా, జీతానికి చేస్తారా? మీకేం కావాలో చెప్పండమ్మా."

అందరూ పెద్దక్క వైపు చూశారు. పెద్దక్క లేచి, కొంగు సర్దుకుని, చిన్నప్పుడు అమ్మ నేర్పిన మర్యాదతో అంది. "మీ ఇష్టమండీ. మీకు తెలియందేముంది."

ఆ మాటకు అర్థం వెనకవీధిలో పసిపిల్లకైనా తెలుసు. మాకు కావాలి, నోరు తెరిచి అడిగితే బాగుండదు, మీరే పెద్దమనసుతో ఇవ్వండి అని. భోంచేస్తారా అని అడిగితే వచ్చినవాళ్ళు వద్దండీ అన్నంతమాత్రాన ఎవరైనా గిన్నెలు కడిగేస్తారా? పెద్దసారు కడిగేశాడు. "వాళ్ళు మనకే వదిలేశారు" అని పైవాళ్ళకు చెప్పి, వాటా అంతా ఆ పాత కంపెనీకే ఖాయం చేశాడు. వీళ్ళకు జీతం, తలా ఒక పతకం.

సంగతి తెలిసిన రోజు, తనతోపాటే షెడ్డులో ఉతికే పెద్దక్క తోటికోడలు చేతిలోని దుప్పటిని తొట్టిలోకి విసిరికొట్టింది.

"మీ ఇష్టమేంటక్కా, మీ ఇష్టం? ఆ నోటికి తాళం వేసుకున్నా బాగుండేది. జబ్బుకి మనం, లాభానికి వాళ్ళా?"

"నాకేం తెలుసే? మంచిగా మాట్లాడితే మంచిగా ఇస్తారనుకున్నా."

"ఇచ్చారుగా, ఇనుప బిళ్ళ. మెళ్ళో వేసుకుని ఉతుకు."

పెద్దక్కకు ఏడుపొచ్చింది, అంతకుమించి ఉక్రోషం వచ్చింది. ఆడపడుచు ఉంటే ఇలా జరిగేది కాదు. ఆవిడకు మొహమాటమంటే ఏమిటో తెలియదు, కావలసింది అడిగి పుచ్చుకునేది. ఆ గుణం నచ్చకనే పెద్దక్క ఆవిడతో ఏళ్ళ తరబడి తగవులు పడింది.

మర్నాడు అందరూ కలిసి పెద్దసారు గదికి బయల్దేరారు. దారిపొడుగునా తోటికోడలు పాఠం చెబుతూనే ఉంది. "కావాలి అను, అంతే. మీ దయ అనకు, మీ చలవ అనకు, ఏదో అనకు."

గది చల్లగా ఉంది. బల్ల మీద కొత్త లాండ్రీ నమూనా, దాని చుట్టూ ప్లాస్టిక్ చెట్లు ఉన్నాయి. పెద్దక్క "ఏదో..." అని మొదలుపెట్టి, తోటికోడలు గిల్లేసరికి సర్దుకుంది.

"మాకు వాటా కావాలండీ. జబ్బునాడు తొంగిచూడని కంపెనీకి ఎలా ఇస్తారు? ఇంకా సంతకాలు కాలేదని విన్నాం."

పెద్దసారు నవ్వాడు. చెడ్డమనిషేం కాదు. చెడ్డవాడైతే నాలుగు తిట్లు తిట్టుకుని ఊరుకునేవాళ్ళు. "ఈ మాట ఆరోజే చెప్పాల్సిందమ్మా, అడిగాను కదా. సరే, చూద్దాం."

అందరి ముఖాలూ విప్పారాయి. దండాలు పెట్టి బయటికొచ్చారు. వరండాలో తోటికోడలు పెద్దక్క చెయ్యి పట్టుకుంది. "చూద్దామన్నాడక్కా."

పెద్దక్క ఆగిపోయింది. కప్పు కారుతోందని ఇంటాయనతో చెబితే ఆయనా చూద్దామన్నాడు. పిల్లకు బడిలో సీటు అడిగితే వాళ్ళూ చూద్దామన్నారు. కప్పు ఇప్పటికీ కారుతోంది. కాదని చెప్పడానికి పెద్దమనుషులు వాడే మాట అది. తను మర్యాదకు అన్నదాన్నేమో వాళ్ళు ఉన్నదున్నట్టు పట్టుకున్నారు. వాళ్ళు మర్యాదకు అన్నదాన్ని మాత్రం తను అర్థం చేసుకుని, నోరు మూసుకుని ఇంటికి పోవాలి కాబోలు.

వెనక్కి తిరిగి గదిలోకి వెళ్ళింది. ఎవరూ కూర్చోమనలేదు. పెద్దసారు ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మళ్ళీ ఏంటమ్మా?"

"చూద్దామన్నారు కదండీ. చూడండి. మీరు చూసేదాకా కూర్చుంటా."

"ఇప్పుడా?" పెద్దసారు ఆమె వైపు, తలుపు దగ్గర గుమిగూడిన మిగతావాళ్ళ వైపు చూశాడు. "అదేంటమ్మా, నా ఉద్దేశం అది కాదు."

"ఆరోజు నా ఉద్దేశమూ అది కాదండీ," అంది పెద్దక్క, కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకుని.