పదకొండుసార్లు బతికిన మనిషి

సైరనక్కకు ఆ పేరు పెట్టింది అంబులెన్సు డ్రైవరే. ట్రాఫిక్‌లో బండి ఆగిందంటే ఆవిడ కిటికీలోంచి తల బయటపెట్టి వేసే కేక ముందు అసలు సైరన్ దిగదుడుపే అంటాడు. పద్నాలుగేళ్లుగా ఆవిడ అదే బండిలో రోగుల పక్కన కూర్చుంటోంది. అలాంటి మనిషి ఆ రోజు కమిటీ గదిలో చివరి వరసలో, నోరు కుట్టేసుకున్నట్టు కూర్చుంది. అక్కడ నోరు విప్పనని పొద్దున్నే అమ్మ ఒట్టు వేయించుకుంది మరి. కాలేజీ చదువులో ఉన్న కూతురు, మోకాళ్లు అరిగిన అమ్మ, అందరికీ ఆధారం ఈవిడ ఉద్యోగమే.

కమిటీ ముందున్న విషయం ఒక్కటే. మత్తుమందు ఎక్కువై ఊపిరి ఆగిపోయినవాళ్లకు ముక్కులో కొట్టే స్ప్రే ఒకటుంది. అరచేతిలో పట్టేంత వస్తువు. ఒక్క నొక్కు నొక్కితే నీలమెక్కిన పెదాలు రెండు మూడు నిమిషాల్లో రంగు తిరుగుతాయి. దాన్ని అంబులెన్సుల్లో, ఫైరింజన్లలో ఉంచడానికి ఇస్తున్న ప్రభుత్వ నిధులు కొనసాగించాలా, ఆపేయాలా అన్నది ఆ రోజు తేల్చాలి.

అధ్యక్షుడు ఒక కాగితం పైకెత్తి గొంతు సవరించుకున్నాడు. ఒకే మనిషి, అదీ నలభై రెండేళ్ల ఆడమనిషి, అయిదు నెలల్లో పదకొండు స్ప్రేలు వాడించుకుందట.

"ఇలాంటి మనిషిని ఎన్నిసార్లని లేపుతాం? పడటం ఆవిడ వంతు, లేపడం జనం వంతా?" అన్నాడు.

గదిలో నవ్వులు లేచాయి. ఆయన మర్యాద కోసం పేరు చదవలేదు. ఆ పదకొండు ఫారాల మీదా ఉన్నది సైరనక్క పేరే. గదిలో ఆ సంగతి తెలిసిన ఒకే ఒక్కడు, డ్రైవరు, ఆవిడ పక్కనే కూర్చున్నాడు.

స్ప్రేతో లేచినవాడెవడూ చేతులెత్తి దండం పెట్టడు. వాంతి చేసుకుంటాడు, ఎక్కిన మత్తు దించేశావని తిడతాడు, పోలీసులొస్తారన్న భయంతో చెప్పులు కూడా వదిలేసి పరుగెడతాడు. ఆగు, మందు పనిచేయడం ఆగిపోతే మళ్లీ పడిపోతావని ఈవిడ వెంటపడి అరిచినా వినడు. ఇక పేరెవరు చెబుతారు? స్టోరు గుమాస్తాకు మాత్రం పేరు, వయసు, చిరునామా కావాలి. ఫారం నిండకపోతే కొత్త స్ప్రే ఇవ్వడు. అతను చెడ్డవాడేం కాదు, పైవాళ్లు అతని ప్రాణం తీస్తారు.

మొదటిసారి ఆవిడ నిజాయితీగా 'తెలియదు' అని రాసింది. ఫారం వెనక్కి వచ్చింది. బండిలో స్ప్రే పెట్టె ఆరు రోజులు ఖాళీగా ఉంది. ఆరో రోజు పెట్రోలు బంకు మరుగుదొడ్డిలో ఒకతను గోడకు జారగిలబడి కనిపించాడు. పాతికేళ్లుండవు. ఆసుపత్రి దాకా మాస్కు బిగించి గాలిసంచి నొక్కుతూనే ఉంది. చేతులు పడిపోయాయి గానీ అతను దక్కలేదు. ఆ రోజు ఆవిడ బండి తలుపుకు తల ఆనించుకుని ఏడ్చింది. మర్నాడే వెనక్కొచ్చిన ఫారం మీద తన పేరు రాసి ఇచ్చింది, ఆ తర్వాత పారిపోయిన ప్రతి మనిషికీ తన పేరే పెట్టింది. ఏవో పేర్లు కల్పించి రాయొచ్చు కదా అని డ్రైవరు అడిగితే, లేని మనిషి పేరు రాస్తే మోసం, ఉన్న మనిషి పేరు రాస్తే బాధ్యత అంది. ఆ వాదన అతని బుర్రకెక్కలేదు. నిజానికి అది ఎవరి బుర్రకూ ఎక్కేది కాదు.

ఇప్పుడు ఆ బాధ్యతే మెడకు చుట్టుకుంది. నోరు మూసుకుంటే ఉద్యోగం ఉంటుంది, స్ప్రేలు పోతాయి. అధ్యక్షుడు చేతులెత్తమనబోతున్నాడు. సైరనక్కకు ఒళ్లు మండింది. డ్రైవరు చెయ్యి పట్టుకుని లాగుతున్నా లేచి నిలబడింది.

"ఆ ఆడమనిషి నేనేనండీ."

అధ్యక్షుడు ఆవిడ యూనిఫారం వంక ఎగాదిగా చూసి, మీరు మత్తుమందు తీసుకుంటారా అని అడిగాడు.

"టీలో చక్కెర కూడా వేసుకోను. లేచినవాళ్లు పదకొండు మంది. పేరు చెప్పకుండా పారిపోయారు. పేరు లేకపోతే స్టోరులో స్ప్రే ఇవ్వరు. అందుకని నా పేరు రాశాను."

తప్పుడు కాగితాలు రాస్తే ఏమవుతుందో తెలుసా అని ఆయన గొంతు పెంచాడు. ఆ పోటీలో ఆయన నెగ్గే అవకాశమే లేదు.

"తెలుసు. తీసేయండి. ముందు ఆ పదకొండు మందినీ చెబుతాను. అందులో ఎవర్ని వదిలేయాల్సిందో మీరు చెప్పండి."

వేళ్లు మడుస్తూ మొదలుపెట్టింది. బస్సు వెనక సీట్లో వాలిపోయిన లెక్కల టీచరు. నడుంనొప్పికని మొదలుపెట్టి మాత్రలకు బానిసైన తాపీమేస్త్రి. మెడలో టేపు వేలాడుతుండగానే లిఫ్టులో కూలిపోయిన దర్జీ. ఈవిడ కాళ్ల మీద వాంతి చేసి, సారీ అక్కా అంటూనే ఉడాయించిన అమ్మాయి; ఆ పిల్ల చెవిపోగు ఒకటి బండిలో పడిపోతే సైరనక్క ఇంకా దాచి ఉంచింది. ఏడో మనిషి దగ్గరకొచ్చేసరికి సభ్యుల్లో ఒకాయన కళ్లజోడు తీసి, ఇక చాలమ్మా అన్నాడు.

"చాలదండీ, ఇంకా నలుగురున్నారు" అని చివరిదాకా చెప్పింది.

చేతులు లేచాయి. ముగ్గురు ఉంచాలన్నారు, ఇద్దరు వద్దన్నారు. అధ్యక్షుడు ఆ ఇద్దరిలో ఒకడు. కొత్త ఫారంలో పేరు ఉండదనీ, ఊపిరి వచ్చిందా లేదా అన్న ఒక్క ప్రశ్నే ఉంటుందనీ కూడా తేల్చారు. సైరనక్కకు మాత్రం రెండు నెలల సస్పెన్షన్.

బయటికొచ్చాక ఆవిడ బండిలో స్ప్రే పెట్టె తెరిచి, రెండు స్ప్రేలూ ఉన్నాయని చూసుకుని డ్రైవరు చేతికిచ్చింది. అమ్మకేం చెబుతావక్కా అని అతను అడిగితే, ఒట్టు తీసి గట్టున పెట్టానని చెబుతానంది.

సస్పెన్షన్ కాగితం పట్టుకొచ్చింది స్టోరు గుమాస్తాయే. అందినట్టు సంతకం కావాలన్నాడు. తల వంచుకునే, కింద పేరు, వయసు, చిరునామా కూడా రాయాలన్నాడు. ఆవిడ కలం తీసుకుని, పన్నెండోసారి తన పేరు రాసింది.