చలివేంద్రం వార్షిక లేఖ

ఎవరు చదువుతారులే అనుకుంటూనే పదకొండేళ్లుగా ప్రతి డిసెంబరులోనూ రాస్తున్నాడు, పాత కంప్యూటర్ల కోసం తను తయారుచేసి అందరికీ ఊరికే ఇచ్చే ఆపరేటింగ్ సిస్టమ్ చలివేంద్రానికి ఈ ఏడు ఏం చేశాం, వచ్చే ఏడు ఏం చేద్దాం అని ఒక లేఖ, పేరైతే భలే కుదిరింది, దాహమేసినవాళ్లు తాగిపోతారు, కుండ నింపేవాడు మాత్రం ఒక్కడే, ఆ ముక్కే మొదటి వాక్యంలో పెట్టేశాడు పార్థసారథి, ఈ ఏడాదీ దాదాపు ఒంటరిగానే లాక్కొచ్చాను అని, రాసుకుని కాస్త మురిసిపోయాడు కూడా, బయట న్యూకాసిల్ మూడింటికే మసకబారుతోంది, కుక్కర్ కూసింది మూడుసార్లా నాలుగుసార్లా, కట్టేస్తే పోతుంది.

కట్టేసి వచ్చి కూర్చున్నాడు, వచ్చే ఏటి పనుల్లో మొదటిది మిగిలిన ప్రింటర్లు, రెండోది తెలుగు టైపింగ్, రెండూ లండన్ ఈస్ట్ హామ్ నుంచి ఖాళీ వేళల్లో సాయం చేసే నీలిమ చేయాల్సినవే, ఆవిడేమో జనవరి నుంచి చేయనంటోంది, పోయిన వారం ఫోనులో నెమ్మదిగానే చెప్పింది, ఇంక నా వల్ల కాదండీ సారథి గారూ, ఏమనుకోకండి అని, ఉద్యోగంలో పని ఎక్కువైందేమో అనుకుని సరేనన్నాడు తను, ఎందుకని అడగనైనా లేదు, ఆవిడ లేకపోతే ఈ రెండు పనులూ ఎలా తెమలుతాయో తెలియడం లేదు, ఇంతలో కూతురు సిరి టోస్ట్ నములుతూ వచ్చి భుజం మీదుగా తొంగిచూసింది, తెర మీద ఈ ఏడాది మార్పుల జాబితా, నాలుగు వందల పన్నెండు, ప్రతి వరసలోనూ పార్థసారథి, పార్థసారథి, పదేళ్ల పిల్ల చదివి, డాడ్, ఇట్స్ ఆల్ యూ, బట్ నీలిమా ఆంటీ డిడ్ ద ప్రింటర్ థింగ్, డింట్ షీ, అంది.

చేసింది కదా, చేసిందమ్మా, అని ఆవిడ మెయిల్ వెతికి తీశాడు, ప్రింటర్ల కోడ్ మార్చిలో పంపింది, పని చక్కగా ఉంది, వరసల మధ్య ఖాళీలే తనకు నచ్చలేదు, అందుకని మొత్తం తన పద్ధతిలో మళ్లీ టైపు చేసి ఎక్కించాడు, ఎక్కించినవాడి పేరే జాబితాలో పడుతుంది, పక్కింటివాళ్లిచ్చిన కూరకు ఇంకో పోపు పెట్టి మా వంటే అన్నట్టు, అప్పుడది తప్పనిపించలేదు, నీటుగా ఉండాలని తప్ప వేరే ఉద్దేశం లేదు, అయినా ఇప్పుడు చెవులు వేడెక్కేంత సిగ్గేసింది, ఇల్ఫర్డ్ నుంచి కోటయ్య అని ఒకతను రెండు నెలలు పనిచేసి చెప్పకుండా పోయాడు, ఓపిక లేని మనిషి అనుకున్నాడు తను, అతని మెయిల్ తీస్తే అదే కథ, అంతకుముందు పుష్పలీల, ఆవిడదీ అంతే.

సిరి ఎప్పుడు వెళ్లిపోయిందో చూడలేదు, ఒంటరిగానే అన్న వాక్యం కొట్టేసి, పాత మెయిళ్లు ఒక్కొక్కటే తెరుస్తూ దొరికిన పేరల్లా లేఖలో రాసుకుంటూ పోయాడు, ఏడు, తొమ్మిది, పద్నాలుగు, ఇన్నేళ్లూ సాయానికి ఎవరూ రాలేదని ఊరంతా చెప్పుకున్నాడు, అడగకుండానే ఇంతమంది వచ్చారు, వచ్చిన ప్రతివాళ్లనీ తన చేత్తో తనే చెరిపేశాడు.